రైల్వే దివ్యాంగ రాయితీ కార్డు: బెంగళూరులో దరఖాస్తు ఆగిపోతే అప్పీలు ఎలా సిద్ధం చేసుకోవాలి

చేతికి వచ్చాక ఈ కార్డు మంచి సేవే. అందులో రెండో మాట లేదు. పండక్కి, పెళ్ళికి, పొలం పనికి అనంతపురం, కర్నూలు, విజయవాడ, కాకినాడ వైపు వెళ్ళొచ్చే బెంగళూరు తెలుగు కుటుంబానికి టికెట్ ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా వస్తుంది. చిక్కంతా చేతికి వచ్చేలోపే ఉంది. కాళ్ళకో నడుముకో సంబంధించిన వైకల్యం ఉన్నవాళ్ళ దరఖాస్తు తరచుగా ఆగేది ఒకే ఒక్క వాక్యం దగ్గర: ‘ఎస్కార్ట్ (తోడు మనిషి) సాయం లేకుండా ప్రయాణించలేరు’. జబ్బు ఏమిటో, ఆపరేషన్ ఎప్పుడు అయిందో, వైకల్యం ఎంత శాతమో ఫైలు నిండా ఉంటుంది. ప్రయాణం గురించి మాత్రం ఒక్క కాగితం ఉండదు.

ముందు కార్డు ఏమిస్తుందో చూద్దాం. నడక వైకల్యం, మేధోపరమైన వైకల్యం, పూర్తి అంధత్వం ఉన్నవాళ్ళకు సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీ, ఏసీ చైర్ కార్‌లలో 75% రాయితీ. సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలలో 50%. రాజధాని, శతాబ్ది రైళ్ళ థర్డ్ ఏసీ, చైర్ కార్‌లలో 25%. నెలవారీ సీజన్ టికెట్‌లో 50%. వెంట వచ్చే ఒక మనిషికీ అదే రాయితీ వర్తిస్తుంది. సగం విలువ అక్కడే ఉంది. వినికిడి, మాట రెండూ లేనివాళ్ళకు మాత్రం సెకండ్, స్లీపర్‌లలో 50% దగ్గరే ఆగిపోతుంది. రాయితీ మూల ఛార్జీ మీదే కాబట్టి రిజర్వేషన్ రుసుము, సూపర్‌ఫాస్ట్ రుసుము యథాతథంగా పడతాయి. టికెట్ మీద 75% తగ్గినట్టు కనిపించకపోతే లెక్క తప్పిందని కంగారు పడక్కర్లేదు. తత్కాల్‌లో రాయితీయే లేదు. కార్డు నంబరు ఒకసారి వచ్చిందంటే ఐఆర్‌సీటీసీలో ఇంట్లోంచే టికెట్ తీసుకోవచ్చు. కౌంటర్ ముందు నిలబడే శక్తి లేనివాళ్ళకు శాతాల కంటే ఇదే పెద్ద మేలు.

ఇక లోపం. అర్హత ఉన్న వర్గాలు నాలుగే: తోడు లేకుండా ప్రయాణించలేని నడక వైకల్యం, తోడు లేకుండా ప్రయాణించలేని మేధో వైకల్యం, పూర్తి అంధత్వం, వినికిడీ మాటా రెండూ పూర్తిగా లేకపోవడం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. రైల్వే జాబితా అంతవరకు సాగలేదు. మేధో వైకల్యం లేని ఆటిజం, మానసిక అనారోగ్యం, కొద్దిపాటి చూపు మిగిలిన లో విజన్ ఇందులోకి రావు. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నవాళ్ళకు వైద్యం కోసం వెళ్ళే ప్రయాణాలకు రోగుల రాయితీ వేరుగా ఉంది కానీ అది ఈ కార్డు కాదు. ఒంటరిగా రోడ్డు కూడా దాటలేని ఆటిజం యువకుడికి తోడు అవసరం లేదని ఏ డాక్టరూ అనరు. అయినా ఫారంలో అతనికి గడి లేదు. ఇది అన్యాయమే. అయితే ఇలాంటి కేసులో అప్పీలు వేసి నెలలు పోగొట్టుకోవడం దండగ, ఎందుకంటే అప్పీలు నిబంధనను మార్చదు, నిబంధనను తప్పుగా వర్తింపజేస్తే సరిదిద్దుతుంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను మామూలుగా ఉన్నవాళ్ళ సంగతీ అంతే. కేంద్రం మార్గదర్శకాల్లోనే దానికి 30% అని రాసి ఉంది. ఎన్ని మెడికల్ బోర్డులు మారినా ఆ అంకె పెరగదు.

దరఖాస్తు రైల్వే దివ్యాంగజన్ ఐడీ పోర్టల్‌లో చేయాలి. రుసుము లేదు. ఫొటో, ఆధార్, పుట్టిన తేదీ రుజువు, వైకల్య ధ్రువపత్రం లేదా యూడీఐడీ కార్డు (దేశమంతటికీ ఒకటే అయిన దివ్యాంగుల గుర్తింపు కార్డు), వీటితోపాటు ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు నిర్ణీత నమూనాలో ఇచ్చిన రాయితీ సర్టిఫికెట్ ఎక్కించాలి. ఈ చివరిదే ప్రాణం, ఆ తోడు వాక్యం ఉండేది ఇందులోనే. ఫొటో మీద డాక్టరు సంతకం, ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. నమూనాలోని వాక్యాలను కొట్టేసి చేత్తో మార్చి రాస్తే చెల్లదు. తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, యూడీఐడీలో వెనక, ఆసుపత్రి చీటీలో పొడి అక్షరం. మూడూ ఒకే మనిషివని మనకు తెలుసు, స్క్రీన్ ముందు కూర్చున్న ఉద్యోగికి తెలియదు. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందే ఆధార్‌లో ఉన్న వరసలో పేరు ఒక చీటీ మీద రాసుకుని, అచ్చం అలాగే రాయమని అడగాలి.

దరఖాస్తు ఆగిందంటే ఎక్కడ ఆగిందో తేల్చుకోకుండా అడుగు వేయొద్దు. పేరు, ముద్ర, మసక స్కాన్ లాంటి కాగితపు తప్పయితే సరిచేసి మళ్ళీ వేయడమే. దానికి అప్పీలు అక్కర్లేదు. డాక్టరు ఆ ఒక్క వాక్యం మీద సంతకం పెట్టనంటే సమస్య వేరు: శాతం ఎంతున్నా ఆ సంతకం లేనిదే కార్డు రాదు. 70% ఉన్నా కృత్రిమ కాలుతో బస్సు, మెట్రో ఎక్కి రోజూ ఒంటరిగా ఉద్యోగానికి వెళ్ళొస్తున్న మనిషికి ఆ వాక్యం వర్తించదు. 45% ఉన్న మనిషికి వర్తించవచ్చు. శాతం ఒక ప్రశ్నకు జవాబు, తోడు ఇంకో ప్రశ్నకు. మూడో రకం, అసలు శాతమే తక్కువ వేశారనో వైకల్యమే లేదన్నారనో వచ్చే ఫిర్యాదు. దీనికి మాత్రం చట్టంలో అప్పీలు దారి ఉంది.

2016 చట్టం 59వ సెక్షన్ ప్రకారం ధ్రువీకరణ అధికారి నిర్ణయం మీద రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు, పద్ధతి రాష్ట్ర నిబంధనలవి. తిరస్కరణకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ కాగితం లేకుండా ఇంటికి రావొద్దు. ఆసుపత్రిలో నోటిమాటగా ‘ఆగల్ల’ (కుదరదు) అంటే దాని మీద అప్పీలు రాయడానికి పట్టు దొరకదు. ఆ తర్వాత మొదటి పని, బోర్డు వేసిన లెక్కల పత్రం నకలు తెచ్చుకోవడం. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయలతో అడగండి. కర్ణాటకలో దరఖాస్తు 150 పదాల లోపు, ఒకే విషయం మీద ఉండాలి. అందుకని కథంతా రాయకుండా, ‘ఫలానా తేదీన జరిగిన పరీక్షలో మొబిలిటీ, స్టెబిలిటీ విభాగాలకు వేసిన విలువల పత్రం నకలు’ అని మాత్రమే అడగాలి. జవాబుకు గడువు 30 రోజులు. ఈలోగా అప్పీలు గడువు దాటిపోకుండా ముందు అప్పీలు పెట్టేసి, నకలు వచ్చాక జతచేస్తామని అందులోనే రాయడం మేలు.

ఆ నకలులో వెతకాల్సింది ఒకటుంది. కాళ్ళ వైకల్యాన్ని రెండు భాగాలుగా లెక్కిస్తారు. మొదటిది మొబిలిటీ: కీళ్ళు ఎంత వంగుతున్నాయి, కండరాల బలం ఎంత. దీన్ని కీలు వంపు కొలిచే గోనియోమీటరుతో, 0 నుంచి 5 వరకు ఉండే బలం స్కేలుతో కొలుస్తారు. రెండోది స్టెబిలిటీ, అంటే నిలకడ. ఇందులో తొమ్మిది పనులు, ఒక్కోదానికి 10: చదును నేల మీద నడక, ఏటవాలు మీద నడక, మెట్లు ఎక్కడం, రెండు కాళ్ళ మీద నిలబడటం, బలహీనమైన కాలి మీద నిలబడటం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, మోకాళ్ళ మీద కూర్చోవడం, తిరగడం. ఈ వరసను ఇంకోసారి చదవండి. ప్లాట్‌ఫారం, ర్యాంపు, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి, క్యూ, రైలు మరుగుదొడ్డి, బోగీలో ఇరుకు దారి. రైలు ప్రయాణానికి కావలసినవి సగానికి పైగా ఇందులోనే ఉన్నాయి. ప్రయాణం గురించి బోర్డు ముందు మాట్లాడటానికి చట్టం ఇచ్చిన చోటు ఇదే. పరీక్ష హడావుడిగా జరిగితే కొలతల భాగం నిండుగా ఉండి ఈ భాగం సగం ఖాళీగానో, మంచం మీద పడుకోబెట్టి చూసి అంచనాగానో నిండుతుంది.

దానివల్ల ఎంత తేడా వస్తుందో లెక్కలో చూపిస్తాం. రెండు విలువలను కూడికతో కలపరు. పెద్దది ‘ఏ’, చిన్నది ‘బీ’ అనుకుంటే, 90లోంచి ఏ తీసేసి, దాన్ని బీతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని ఏకి కలుపుతారు. మొబిలిటీ 30 వచ్చి స్టెబిలిటీ గడులు ఖాళీగా ఉంటే మొత్తం 30 దగ్గరే ఆగుతుంది. చట్టం ప్రయోజనాలకు పెట్టిన 40% గీత అందదు. స్టెబిలిటీలో రెండు పనులు చేయలేరని నమోదైతే 20 వస్తుంది, మొత్తం 43.3 అవుతుంది. అయిదు పనులు చేయలేకపోతే 50 వస్తుంది, మొత్తం 63.3. అదే మనిషి, అదే కాలు. అందుకే అప్పీలులో ‘నా శాతం పెంచండి’ అని రాయొద్దు. ‘స్టెబిలిటీ విభాగంలో మెట్లు, ఏటవాలు, గొంతుక్కూర్చోవడం పరీక్షించినట్టు పత్రంలో లేదు, వాటిని పరీక్షించి నమోదు చేయవలసిందిగా ప్రార్థన’ అని రాస్తే ఎదుటివాళ్ళు చేయాల్సిన పని వాళ్ళ కళ్ళ ముందు ఉంటుంది.

డాక్టరు సంతకం దగ్గర ఆగినా, శాతం దగ్గర ఆగినా కావలసిన కాగితం మాత్రం ఒకటే: ప్రయాణాన్ని ముక్కలు చేసి రాసిన ఒకే పేజీ వివరణ. రెండు పేజీలయితే చదవరు. ఇంటి గుమ్మం నుంచి ఆటో వరకు, ఆటో నుంచి ప్లాట్‌ఫారం వరకు, ప్లాట్‌ఫారం నుంచి బోగీలోకి, బోగీలో బెర్తు, మరుగుదొడ్డి, చివరగా దిగడం. ఒక్కో ముక్కకు ఎంత దూరం, ఎంతసేపు, ఎన్నిచోట్ల ఆగాలి, ఎవరు ఎక్కడ పట్టుకోవాలి. ‘నడవడానికి చాలా ఇబ్బంది’ అనేది పనికిరాని వాక్యం. ‘కర్రతో చదును నేల మీద 60 మీటర్లు నడిచాక కుడి మోకాలు వంగిపోతుంది, 5 నిమిషాలు కూర్చోవాలి, రెయిలింగ్ ఉన్నా 8 మెట్ల తర్వాత ఎవరైనా నడుము పట్టుకోవాలి’ అనేది పనికొచ్చేది. అంకెలు మీవే అయ్యుండాలి. ఫోనులో దూరం, గడియారంలో సమయం కొలిచి రాయండి, ఊహించి రాయొద్దు.

బోగీ ఎక్కడం అనే ముక్కను జాగ్రత్తగా రాయాలి, ఎందుకంటే దాన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ. పట్టాల నుంచి హైలెవల్ ప్లాట్‌ఫారం ఎత్తు 76 నుంచి 84 సెంటీమీటర్లు. ఎల్‌హెచ్‌బీ (కొత్త తరహా) బోగీ నేల దాదాపు 130 సెంటీమీటర్లు. అంటే మంచి ప్లాట్‌ఫారం ఉన్న స్టేషన్లోనూ దాదాపు అర మీటరు పైకి ఎక్కాలి, మధ్యలో సందు దాటాలి, నిలువు కడ్డీని పట్టుకుని చేతులతో శరీరాన్ని లాక్కోవాలి. ఇంటి మెట్టు 15 నుంచి 18 సెంటీమీటర్లు ఉంటుంది. ఇంటి మెట్లు ఎక్కగలిగిన మనిషి బోగీ ఎక్కలేకపోవడం అబద్ధం కాదు, కొలతల్లో ఉన్న నిజం. చేతి పట్టు కూడా తగ్గిన వాళ్ళు ఆ సంగతి విడిగా రాయాలి. దారిలోని చిన్న స్టేషన్లలో రైలు ఆగేది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల్లో బెర్తు నుంచి లేచి, సామానుతో తలుపు దాకా వచ్చి, దిగగలరా అన్నది డాక్టరుకు సులువుగా అర్థమయ్యే ప్రశ్న.

ఒకసారి చేయగలగడం వేరు, ప్రతిసారీ చేయగలగడం వేరు. మల్టిపుల్ స్క్లెరోసిస్, మయోపతి, తీవ్రమైన కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఇది ముఖ్యం. బోర్డు రోజున కాస్త బాగుంటే ‘బాగానే నడిచారు’ అని నమోదవుతుంది. అందుకని రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రోజుకో వరస రాయండి: బయటికి వెళ్ళారా, ఎవరితో, ఎంతదూరం, పడ్డారా, తర్వాత ఎంతసేపు మంచం మీద ఉన్నారు. బాగున్న రోజులు కూడా అందులో ఉండాలి. అన్ని రోజులూ చెడ్డవే అని రాసిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

కాగితాల్లో బరువైనది ఫిజియోథెరపిస్టు రిపోర్టు. అందులో రెండు పరీక్షలు అడిగి చేయించుకోండి. ‘టైమ్డ్ అప్ అండ్ గో’లో కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి, 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. ‘ఆరు నిమిషాల నడక’లో ఎన్ని మీటర్లు, ఎన్నిసార్లు ఆగారు అని రాస్తారు. తూలిపోయేవాళ్ళకు 56 మార్కుల బెర్గ్ బ్యాలెన్స్ స్కేలు కూడా ఉపయోగం. తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ సాధనంతో నడిచారు అన్న ముక్క తప్పకుండా ఉండాలి. మిగతా వైద్యం కాగితాలు కొత్తది పైన, పాతది కింద. ఎంఆర్‌ఐ ఫిల్ములు అక్కర్లేదు, రిపోర్టు చాలు. ఇంట్లోవాళ్ళు, పనిచేసేచోటివాళ్ళు ఇచ్చే ఉత్తరం ‘చాలా కష్టపడుతున్నారు’ అని జాలి చూపితే లాభం లేదు. తాము ఏ పని ఎక్కడ చేసిపెడతారో రాస్తేనే అది సాక్ష్యం.

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు, పెద్దలకు సాధారణంగా ఐక్యూ అంకె ఒక్కటే జతచేస్తారు. అది ప్రయాణం గురించి ఏమీ చెప్పదు. చెప్పేది వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు. అందులో లోకోమోషన్ అనే విభాగం ఉంది: వీధిలో ఒంటరిగా తిరగడం, బడికి ఒంటరిగా వెళ్ళడం, దూర ప్రాంతాలకు ఒంటరిగా వెళ్ళడం లాంటి అంశాలు అందులో ఉంటాయి. సైకాలజిస్టు మొత్తం స్కోరు మాత్రమే రాసి ఇస్తారు. ఈ విభాగంలో ఏది వచ్చు, ఏది రాదు విడిగా రెండు వాక్యాలు రాయమని అడగాలి. మిగతా వాటిలో చురుగ్గా ఉండి ఈ ఒక్క విభాగంలో వెనకబడిన పిల్లలు చాలామంది, వాళ్ళ కేసు నిలబడేది ఆ రెండు వాక్యాల మీదే.

ఇప్పుడు పరీక్ష గది. మనవాళ్ళ అలవాటు ఒకటి కేసును చెడగొడుతుంది. ‘ఎలా వచ్చారండీ?’ అని డాక్టరు అడిగితే, పెద్దమనిషి ముందు గోల ఎందుకని ‘పర్లేదండీ, మెల్లగా నడిచొచ్చా’ అంటారు. పత్రంలో ‘స్వతంత్రంగా నడవగలరు’ అని పడుతుంది. ఆ ప్రశ్నకు సరైన జవాబు: ‘మా అన్నయ్య పట్టుకుని ఆటో ఎక్కించాడు, ఇక్కడ రెండు చోట్ల కూర్చున్నాం, వచ్చేసరికి నలభై నిమిషాలైంది.’ కన్నడం అంతగా రాకపోతే ఒక్క మాట చాలు: ‘ఒబ్బరే ఓడాడోకె ఆగల్ల’ (ఒంటరిగా తిరగడం కుదరదు). రోజూ వాడే కాలిపర్ (కాలికి కట్టుకునే ఊతం), కర్ర, బెల్టు వేసుకునే వెళ్ళండి, అవి తీసి కూడా పరీక్షిస్తారు. లేని బాధ నటించొద్దు. మోసంతో ప్రయోజనం పొందితే 91వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘శాతం పెట్టిస్తాం’ అనే దళారుల చేతిలో పడ్డవాళ్ళు ఈ సెక్షన్‌ను గుర్తుంచుకోవాలి. యూడీఐడీకీ రైల్వే కార్డుకూ రుసుమే లేదు.

బెంగళూరులో ఉంటూ ఆధార్ ఇంకా ఆంధ్రలో ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్న, ఊరికి వెళ్ళి మళ్ళీ చేయించుకోవాలా అని. అక్కర్లేదు. 58వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రం ఇచ్చిన ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. పాత సదరం సర్టిఫికెట్ ఉంటే ముందు అది యూడీఐడీలోకి ఎక్కిందో లేదో చూసుకోండి, ఎందుకంటే 2021 జూన్ 1 నుంచి ధ్రువపత్రాలు ఆ పోర్టల్ ద్వారానే ఇస్తున్నారు. కొత్తగా తీసుకునేవాళ్ళు చిరునామా ఉన్న జిల్లాలోనే కాదు, ఈ వైకల్యానికి వైద్యం చేయించుకుంటున్న ప్రభుత్వ ఆసుపత్రిలోనూ దరఖాస్తు పెట్టుకునే వీలు 2017 నిబంధనల్లోనే ఉంది. విక్టోరియాలోనో, బౌరింగ్‌లోనో, నిమ్హాన్స్‌లోనో ఓపీ చీటీ ఉన్నవాళ్ళకు ఇది వరం. బస్సు పాసు సంగతి వేరు: బీఎంటీసీ, కేఎస్‌ఆర్‌టీసీ దివ్యాంగ పాసుకు కర్ణాటక ప్రభుత్వ పోర్టల్ సేవాసింధులో దరఖాస్తు చేయాలి, కర్ణాటక నివాసం చూపాలి, తోడు వాక్యంతో పనిలేదు.

సొంతంగా అప్పీలు మెట్టు లేకపోవడం ఈ రైల్వే సేవలో పెద్ద లోటు. తిరస్కరణకు పైన ఎవరిని అడగాలో పోర్టలే చెప్పాలి. ప్రస్తుతానికి దారి ఇది: ముందు డివిజన్ కమర్షియల్ విభాగానికి రాతపూర్వక వినతి, స్పందన లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో రైల్వే మంత్రిత్వ శాఖ పేరిట ఫిర్యాదు. దానికి 21 రోజుల గడువు పెట్టారు. మూసేసిన తీరు నచ్చకపోతే 30 రోజుల్లో అక్కడే అప్పీలు నొక్కవచ్చు. అదీ కాకపోతే రైల్వే కేంద్ర సంస్థ గనుక ఢిల్లీలోని దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌కు రాయాలి. రాష్ట్ర ఆసుపత్రి మీద అయితే బెంగళూరులోని రాష్ట్ర కమిషనర్‌కు. కమిషనర్ సిఫారసు చేస్తే ఆ సంస్థ మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పాలి. వకీలు తప్పనిసరి కాదు. కావాలనుకుంటే దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబరు 15100.

కార్డు వచ్చాక రాయితీ సర్టిఫికెట్ అసలు ప్రతిని పారేయొద్దు. శాశ్వత వైకల్యమైతే 25 ఏళ్ళ లోపు వాళ్ళకు అది 5 ఏళ్ళు, 26 నుంచి 35 వరకు 10 ఏళ్ళు, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. 24 ఏళ్ళకు తీసుకున్నవాళ్ళు 29కి మళ్ళీ అదే వాక్యం మీద సంతకం పెట్టించుకోవాలి. నోట్‌బుక్, ఫిజియో రిపోర్టు, ఒక పేజీ వివరణ అప్పటికి ఒకే కవరులో దొరికేలా ఉంచుకోండి, రిపోర్టు మాత్రం ఆ ఏడాది మళ్ళీ కొత్తగా చేయించుకోవాలి.